ఖాలా రసీదులో 581

పోయిన జుమ్మా నాడు కుప్పంలో క్లాసు అయిపోయాక ఒక పిల్లాడు వెనకే వచ్చి సవాల్ అడిగాడు. "సార్, స్ట్రింగ్ ఎంత పొడవొస్తుందో ముందే తెలీనప్పుడు దాన్ని ప్రొసీజర్‌కి ఎట్లా పంపాలి?" తెలివైన పిల్లాడే. పైథాన్‌తో చదువు మొదలుపెట్టిన ఈ తరానికి ఆ తక్లీఫ్ ఏందో తెలీదు. వీడికి సీ ల్యాబ్‌లో మొదటిసారి తగిలింది. కితాబులో ఉన్న జవాబు చెప్పాను. గిన్నె ఎక్కడుందో అడ్రసొకటే పంపితే చాలదు, అది ఎంత గిన్నె అనేది కూడా దాంతో పాటు పంపాల, అని. వాడు తలూపి వెళ్లిపోయాడు.

పలమనేరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక తట్టింది, ఈ జవాబు నేను ఏ కితాబులోనూ నేర్చుకోలేదని. పుంగనూరులో ఒక బేవా ఖాలా దగ్గర నేర్చుకున్నాను. దానికి ఫీజు కట్టింది కూడా ఆమే.

1996లో నేను మదనపల్లె బీటీ కాలేజీలో బీఎస్సీ ఆఖరి సాల్. 1915లో అనీ బీసెంట్ పెట్టిన కాలేజీ అది. 1919లో ఠాగూర్ వచ్చి ఉన్నదీ, జనగణమనను ఇంగ్లీషులోకి తర్జుమా చేసిందీ అక్కడే. ఆ ఫఖర్ మా అందరికీ ఉండేది. కానీ నా మనసంతా సాయంత్రం పూట బస్టాండ్ దగ్గర మిద్దె మీద నడిచే కంప్యూటర్ సెంటర్ మీద ఉండేది. మూడు మెషిన్లు, పదిహేను మంది షాగిర్దులం. వంతు రావాలంటే గంట సేపు ఇంకొకడి భుజం మీదుగా చూస్తూ నిలబడాల. ఆడ ఉన్నది టర్బో పాస్కల్ 5.5, ఫ్లాపీలో. ఏడో వెర్షన్ అప్పటికే లోకంలో ఉంది గానీ మా ఫ్లాపీ దాకా రాలేదు.

ఆ సాలే పుంగనూరులో మా మొహల్లా పెద్దలకు ఒక ఖయాల్ వచ్చింది. మొహల్లాలో సూద్ లేకుండా చిన్న చిన్న కర్జులు ఇచ్చే ఫండ్ ఒకటి ఉండేది. ఐదొందలు, వెయ్యి, గట్టిగా అయితే రెండు వేలు. కుట్టు మిషన్‌కి, ఆస్పత్రికి, పిల్ల నికాహ్‌కి. హిసాబ్ అంతా ఎర్ర గుడ్డ అట్ట వేసిన ఒక లావుపాటి బహీలో ఉండేది. దుబాయ్ నుంచి వచ్చిన ఒక సాబ్ పాత 386 మెషిన్నీ, చప్పుడు చేసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌నీ ఫండ్‌కి ఇచ్చాడు. ఇంక ప్రోగ్రామ్ రాసేవాడు కావాల. సదర్ సాబ్ అబ్బాతో అన్నాడు, "మీ వాడు మదనపల్లెలో అదే చదువుతుండాడంట కదా." అబ్బా ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహంలో ఉన్న రోషనీ నాకింకా గుర్తు. నాకు పంతొమ్మిదేళ్లు. కాదనే సవాలే లేదు.

ఇప్పుడు కొంచెం పని సంగతి చెప్తాను, ఓపిక పట్టండి.

మా పేర్ల సంగతి మీకు తెలిసిందే. ముందు షేక్, లేకుంటే సయ్యద్, లేకుంటే పఠాన్. తర్వాత మహమ్మద్. తర్వాత ఏ వలీ పేరో. చివర బాషానో, సాహెబో, బేగమో, బీయో. స్కూల్లో చేర్చిన రోజే అయ్యవారు షేక్‌ని ఎస్కే చేస్తాడు, మహమ్మద్‌ని ఎండీ చేస్తాడు. నా దోస్తొకడి కార్డు మీద ఎండీ చూసి రైల్లో ఎవరో కడుపునొప్పికి మందు అడిగారంట. నవ్వుకుంటాం గానీ, పొడుగు పేరంటే దాన్ని కోయాల్సిందే అనే ఆదత్ మాకు కంప్యూటర్ కంటే ముందే పడింది.

ప్రోగ్రామ్‌లో నేను పేరుకి 20 అక్షరాలు ఇచ్చాను. ఎందుకు 20? ఉస్తాద్ బోర్డు మీద రాసిన మిసాల్‌లో 20 ఉండె. ఆ మిసాల్‌లో పేర్లు రాము, సీత. వాళ్లకు 20 ఎక్కువే.

పాస్కల్‌లో స్ట్రింగ్ ఇట్లా ఉంటుంది. మొదటి బైట్‌లో పొడవు ఎంతో రాసి ఉంటుంది, దాని వెనక అక్షరాలు వరసగా కూర్చుంటాయి. 20 అక్షరాల స్ట్రింగ్ అంటే 21 బైట్ల జాగా. ఉత్త స్ట్రింగ్ అని రాస్తే దాన్ని 255 అక్షరాల జాగా అనుకుంటుంది. నా ఖాతా రికార్డులో పేరు 20 అక్షరాలు, దాని గోడకు ఆనుకుని బకాయి, నాలుగు బైట్ల పూర్ణసంఖ్య, ఆ పక్కన తేదీ. ఇది కాక పూర్తి పేర్లు వేరే ఫైల్లో ఉండేవి, దాంట్లో 40 అక్షరాల దాకా పట్టేవి. ఖాతా నంబరిస్తే ఆ ఫైల్లోంచి పేరు తెచ్చి, చేతికిచ్చిన గిన్నెలో పోసే ప్రొసీజర్ ఒకటి రాశాను. దాని పరామీటర్ వార్ స్ట్రింగ్. వార్ అంటే జంగ్ కాదు, వేరియబుల్‌కి కురచ పేరు. జిరాక్స్ కాపీ కాదు, అసలు కాగితమే చేతిలో పెడుతున్నాను, నువ్వు దాని మీదే రాయి అని మాట. అమానత్ లాంటిది.

కంపైల్ చేస్తే కంపైలర్ ఆగిపోయింది. టైప్ మిస్‌మ్యాచ్ అంది. ప్రొసీజర్ అడిగేది 255 అక్షరాల గిన్నె, నువ్విచ్చేది 20 అక్షరాల గిన్నె, ఈ రెండూ ఒకటి కాదు పో, అంది. నేను దానితో రెండు సాయంత్రాలు కొట్లాడాను. మూడో రోజు నా పక్కన వంతు కోసం నిలబడిన సీనియర్ ఒకడు, "కైకూ పరేషాన్ అవుతావు? పైన ఒక లైన్ రాయి, నోరు మూసుకుంటుంది" అన్నాడు. కర్లీ బ్రాకెట్లలో డాలర్ గుర్తు, వీ, మైనస్. అంతే. వార్ స్ట్రింగుల పొడవులు సరిపోతున్నాయో లేదో చూడొద్దని కంపైలర్‌కి హుకుం. రాశాను. నోరు మూసుకుంది. ప్రోగ్రామ్ నడిచింది. ఆ రోజు బస్సులో పుంగనూరు దాకా నిలబడే వచ్చాను గానీ కాళ్లు నొప్పి పుట్టలేదు.

1997 మొదట్లో బహీలోని ఖాతాలన్నీ మెషిన్‌లోకి ఎక్కించాం. మొదటి నెలలోనే తమాషా జరిగింది. మదనపల్లె మండీ నుంచి టమాటా లోడు తోలే లారీ డ్రైవర్ చిచ్చా ఒకాయన కిస్తీ కట్టడానికి వచ్చాడు. ఆయన బాకీ పదిహేనొందల లోపే. రసీదు బయటికొచ్చింది. మున్షీ చదివాడు, మళ్లీ చదివాడు, సదర్ సాబ్‌ని పిలిచాడు. బకాయి 133,04,54,597 రూపాయలు. నూట ముప్పై మూడు కోట్ల చిల్లర!

చిచ్చా నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "అంత కర్జ్ ఇచ్చేటోళ్లుంటే మండీ మొత్తం కొనుక్కుంటా, లారీ ఎందుకు తోలుతా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చెవులు వేడెక్కిపోయినాయి.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. అంతే పొడవున్న ఇంకో పేరు తీసుకుందాం, షేక్ మహమ్మద్ గౌస్ మొహిద్దీన్. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో, మధ్య ఖాళీలతో కలిపి 30 అక్షరాలు. 20 అక్షరాల గిన్నెలో 30 పోశాను. మిగిలిన పది ఎక్కడికి పోతాయి? పక్క గిన్నెలోకి. గౌస్‌లో ఆఖరి 'ఈ', ఒక ఖాళీ, 'ఎం', 'ఓ'. ఈ నాలుగూ పోయి బకాయి ఉండే నాలుగు బైట్లలో కూర్చున్నాయి. మిగతా ఆరు తేదీ గదిలోకి పోయినాయి. మెషిన్‌కి అక్షరమైనా అంకె అయినా ఒకటే. 'ఈ' అంటే 69, ఖాళీ అంటే 32, 'ఎం' అంటే 77, 'ఓ' అంటే 79. అవి నాలుగూ కలిపి సంఖ్యగా చదివితే అణా పైసలతో సహా 133,04,54,597 వస్తుంది. కావాలంటే లెక్కేసి చూసుకోండి.

ఇదంతా నాకు తెలిసింది చాలా తర్వాత. ఆ రోజు నేను చేసింది వేరు. పొడుగు పేర్లతోనే గడబిడ అవుతోందని మాత్రం అర్థమైంది. కంప్యూటర్ ముందు కూర్చుని చిచ్చా పేరు పొట్టి చేశాను. షేక్‌ని ఎస్ చేశాను, మహమ్మద్‌ని ఎం చేశాను. బకాయి చేత్తో సరిచేశాను. రసీదు బాగా వచ్చింది. చిచ్చా దాన్ని పట్టుకుని, "పైసలు సరే, నా పేరేమైంది బేటా? మా అబ్బా పెట్టింది ఇది కాదే" అన్నాడు. "కంప్యూటర్‌లో అంతే చిచ్చా, పట్టదు" అన్నాను. ఆయన సలామ్ చేసి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి వారం పాటు, స్క్రీన్ మీద అంకెలు పిచ్చిగా కనిపించిన ప్రతి పేరునీ కోశాను. కోట్లలోనో వేలల్లోనో తేడా వచ్చిన వాళ్లందరూ దొరికారు. ఇంక సాఫ్ అయిపోయిందనుకున్నాను.

ఆ డాలర్ వీ మైనస్ లైన్ మాత్రం ఆడనే ఉండె.

ఖాలా సంగతికి వస్తాను. మా గల్లీకి రెండు గల్లీల అవతల ఉండేది. చిన్న వయసులోనే షోహర్ పోయాడు. లంగాలు, జాకెట్లు, పిల్లల ఫ్రాకులు కుట్టి ముగ్గురు పిల్లల్ని సాకింది. మిషన్ బాగు చేయించుకోను వెయ్యి రూపాయలు కర్జ్ తీసుకుని, నాలుగొందలు బహీ కాలంలోనే కట్టేసింది. ఆరొందలు మెషిన్‌లోకి ఎక్కినాయి. నెలకి యాభై. ఒక చేత్తో యాభై ఇచ్చేది, ఇంకో చేత్తో రసీదు తీసుకుని నాలుగు మడతలు పెట్టి పాన్‌దాన్‌లో వేసుకునేది. చదువు రాదు.

1998 ఎండాకాలం ఆమె చూపు మందగించి, కుప్పంలో ఉండే కూతురింటికి పోయింది. ఆడ మూడో తరగతి చదివే మనవరాలు పాన్‌దాన్ విప్పి రసీదులన్నీ నేల మీద పరిచి ఆటాడుకుంటూ అన్నదంట, "నానీ, అన్నిట్లో ఒకే నంబర్ ఉంది." అల్లుడు చూశాడు. పద్నాలుగు రసీదులు. ప్రతి దాంట్లో కట్టింది 50. ప్రతి దాంట్లో బకాయి 581.

ఆ అల్లుడు పుంగనూరుకి వచ్చాడు. నరమ్‌గా మాట్లాడే మనిషి. ఆరొందల కర్జుకి మా అత్త ఏడొందలు కట్టింది, ఇంకా 581 ఉందంటుండారు, ఒకసారి చూడండి, అన్నాడు. మున్షీకి కోపమొచ్చింది. "కంప్యూటర్ ఝూట్ నహీ బోల్తా" అన్నాడు. ఈ మాట మున్షీకి నేర్పిందెవరు? నేనే. మెషిన్ పెట్టిన రోజు అందరి ముందూ గొప్పగా అన్నాను.

నగదు పుస్తకం ఇంకా చేత్తోనే రాసేవాళ్లు, షుకర్ అల్లాకి. దాంట్లో పద్నాలుగు సార్లు ఆమె పేరు ఉంది. అంటే ఖాలా సచ్. మెషిన్ ఝూట్.

ఆ రాత్రి రసీదులు ముందేసుకుని కూర్చున్నాను. 581 ఎక్కడి నుంచి వస్తోంది? 581లోంచి 512 తీసేస్తే 69. అరవై తొమ్మిది! కోట్ల బాకీ చిచ్చా గుర్తొచ్చాడు. 'ఈ' అక్షరం గుర్తొచ్చింది. ఖాలా పేరు కాగితం మీద రాసి వేళ్లతో లెక్కపెట్టాను. ఇక్కడ కూడా అదే పొడవున్న ఇంకో పేరు చెప్తాను, షేక్ ఖైరున్నిసా బీ. స్పెల్లింగ్‌లో షేక్ ఐదు, ఖైరున్నిసా పదకొండు, బీ మూడు, ఖాళీలు రెండు. 21. గిన్నె కన్నా ఒకటే ఒక్క అక్షరం ఎక్కువ. బీకి చివర ఉన్న 'ఈ'.

లెక్క ఇట్లా జరిగింది. ఆమె మొదటి యాభై కట్టింది. ఆరొందల్లోంచి తీసేస్తే 550. ఇది సరిగ్గానే అయింది. ఆ తర్వాత, రసీదు కొట్టి ఫైల్లో రాసే ముందు, నా ప్రొసీజర్ పూర్తి పేరు తెచ్చి రికార్డులో పోసింది. ఇరవై ఒకటో అక్షరం పొర్లి బకాయి నంబరులో అన్నిటికన్నా చిన్న బైట్ మీద పడింది. 550 అంటే రెండు 256లూ, ఒక 38. ఆ 38 పోయి 69 వచ్చి కూర్చుంది. 581 అయింది. మరుసటి నెల 581లోంచి యాభై పోతే 531, అంటే రెండు 256లూ ఒక 19. మళ్లీ 19 పోయి 69. మళ్లీ 581. ఆమె జిందగీ అంతా నెలకి యాభై చొప్పున కట్టినా 581 తగ్గేది కాదు. మొత్తం ఒకేసారి కట్టేసి సున్నా చేసినా మళ్లీ 69 మిగిలేది. ఆమె పేరులోని ఆఖరి అక్షరం ఆమె కర్జులో కూర్చుని ఉంది. దాన్ని ఆడ కూర్చోబెట్టింది నేను.

చిచ్చా ఖాతాలో 133 కోట్లు చూసి అందరం నవ్వాం, అరగంటలో సరిచేశాం. నిజంగా ఖతర్‌నాక్ అయిన గలతీ ముప్పై రూపాయలది. ఎవరి కంటికీ ఆనదు. నోరున్న మనిషికి తగిలి ఉంటే మొదటి నెలలోనే కొట్లాట అయ్యేది. తెల్లవారే లోపల 21 అక్షరాల పేర్లు మొత్తం వెతికాను. ఇంకో ఇద్దరు దొరికారు. వాళ్లలో ఒకాయన పేరు 'ఎన్' అక్షరంతో అయిపోతుంది. 'ఎన్' అంటే 78. ఆయన బకాయి 250 ఉండాల్సింది 78కి దిగి ఆడనే ఆగి ఉంది. 172 రూపాయలు మాఫీ! ఆయన వచ్చి ఎవరికీ చెప్పలేదు. అల్లా కరమ్ అనుకున్నాడేమో. నేనైనా చెప్పి ఉంటానా అని అనుమానమే.

ఇది నా ఒక్కడి ముసీబత్ కాదని తర్వాత చదువుకున్నాను. 1970లో నిక్లాస్ విర్త్ పాస్కల్‌ను బయటికి తెచ్చినప్పుడు అరే పొడవు దాని జాతిలో భాగమని పెట్టాడు. పది గదుల అరేకి రాసిన ప్రొసీజర్ పదకొండు గదుల దాన్ని ముట్టుకోదు. భద్రమే, కానీ పని జరగదు. పొడవు మారే మాటలతో పని చేసే ఏ ప్రొసీజర్‌నీ ఒక్కసారి రాసి అందరికీ వాడలేం. 1981లో బ్రయన్ కెర్నిగన్ పాస్కల్ తనకెందుకు నచ్చదో ఒక వ్యాసం రాశాడు. అందులో మొదటి పెద్ద షికాయత్ ఇదే. ఫోర్‌ట్రాన్ 77 వాళ్లు అంతకు ముందే ఒక దారి వేశారు. అందులో ప్రొసీజర్ రాసేటప్పుడు పొడవు ఉండే చోట నక్షత్రం పెడితే చాలు, పిలిచినవాడు పంపిన స్ట్రింగ్ పొడవే లోపలా వర్తిస్తుంది. సీ వాళ్లు ఇంకో దారి పట్టారు. పొడవు ఎక్కడా రాయరు, చివర సున్నా పెడతారు, సున్నా కనిపించే దాకా నడుచుకుంటూ పోవాల్సిందే. ఆ దారిలో ఏమైందో 1988 నవంబరులో లోకమంతా చూసింది. మోరిస్ అనే కుర్రాడు వదిలిన వార్మ్ వేల కంప్యూటర్లను కూలదోసింది. అది లోపలికి చొరబడిన దారుల్లో ఒకటి, గిన్నె సైజు అడక్కుండా పోసే గెట్స్ అనే ఫంక్షన్. ఆ గెట్స్‌ను సీ స్టాండర్డ్‌లోంచి పూర్తిగా తీసేసింది 2011లో!

బాధ ఏందంటే, నాకు కావాల్సిన దవా 1992లోనే టర్బో పాస్కల్ 7లో వచ్చేసింది. ఓపెన్ స్ట్రింగ్ అంటారు. పరామీటర్‌ను అట్లా రాస్తే, గిన్నెతో పాటు దాని సైజు కూడా కంటికి కనబడకుండా ప్రొసీజర్ చేతికి వస్తుంది. హై అని అడిగితే చెప్తుంది, ఇది 20 గిన్నె అని. 21 పోయబోతే 20 దగ్గరే ఆగుతుంది. ఖాలా రసీదులో చివరి 'ఈ' పడకపోయేది, అంతే. హిసాబ్ పాడయ్యేది కాదు. కానీ వెర్షన్ మీదికి తోసేస్తే అది ఝూటే అవుతుంది. నా 5.5 కూడా నాకు చెప్పింది కదా, టైప్ మిస్‌మ్యాచ్ అని. రెండు సాయంత్రాలు చెప్పింది. నేనే దాని నోరు మూయించాను.

మరమ్మత్తుకి నాలుగు రోజులు పట్టింది. ఆ లైన్ తీసేశాను. ప్రొసీజర్‌కి గిన్నె సైజు రెండో పరామీటర్‌గా పెట్టాను, అంతకు మించి పోయకుండా లోపల చూసుకునేట్టు. ఖాతాలో కూడా పేరుకి 40 అక్షరాలిచ్చి పాత ఫైలంతా కొత్త దాంట్లోకి మార్చాను. నగదు పుస్తకం చూసుకుంటూ ప్రతి బకాయీ చేత్తో సరిచేశాను. నేను కోసిన పేర్లన్నీ బహీలో చూసి పూర్తిగా టైప్ చేశాను. లారీ చిచ్చా వచ్చే నెల రసీదు అందుకుని, వెలుతురులోకి పట్టుకుని, పేరు మొత్తం పైకి చదివి జేబులో పెట్టుకున్నాడు. నన్నేమీ అనలేదు.

ఇప్పటి పిల్లలకు ఇదంతా పాత కిస్సా అనిపిస్తుంది. 1996లో డెల్ఫీ రెండో వెర్షన్ వచ్చాక పాస్కల్‌లోనే స్ట్రింగ్ తనకు కావలసినంత తనే పెరుగుతోంది. జావాలో, పైథాన్‌లో ఈ సవాలే రాదు. కానీ పోయిన నెల ల్యాబ్‌లో ఒక అమ్మాయి సీలో తెలుగు పేరు పెట్టి పొడవు అడిగింది. ఖైరున్నీసా అని తెలుగులో రాసి చూడండి. కంటికి నాలుగు అక్షరాలు, ఖై, రు, న్నీ, సా. యూనికోడ్ లెక్కలో గుణింతాలు, పొల్లు విడివిడిగా కలిపి పది. యూటీఎఫ్-8లో ఒక్కో దానికి మూడు బైట్లు, మొత్తం 30. ఆ అమ్మాయి కాగితం మీద నాలుగే కదా అని ధైర్యంగా 20 బైట్ల జాగా ఇచ్చింది! నేను ఆమె వెనక నిలబడి ఆ 20 చూశాను. నా గొంతు ఎందుకు మారిందో క్లాసుకి అర్థమై ఉండదు.

వంద రూపాయల సంగతి మిగిలింది. సదర్ సాబ్ ఫండ్‌లోంచి ఇస్తానన్నాడు. నేను వద్దన్నాను. అబ్బా ఏమీ మాట్లాడకుండా బనీను జేబులోంచి వంద తీసి నా చేతిలో పెట్టి, "నువ్వే పో, మనియార్డర్ చేయొద్దు" అన్నాడు. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి జొహర్ దాటింది. అది నేను కుప్పం చూడడం మొదటిసారి. 2002లో హెచ్‌పీ వాళ్లు వచ్చి ఐ-కమ్యూనిటీ అని పల్లెల్లో కంప్యూటర్ సెంటర్లు పెట్టడానికి ఇంకా నాలుగేళ్లుంది. దిగిన చోట దుకాణం బోర్డుల మీద తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసి ఉన్నాయి. అడ్రసు అడిగితే ఒకాయన మూడు భాషలూ కలిపే చెప్పాడు.

ఖాలా గడప దగ్గర చాప మీద కూర్చుని సూదిలోకి దారం ఎక్కించమని మనవరాలికి ఇస్తోంది. సలామ్ చేసి కూర్చున్నాను. చెప్పాల్సిందంతా బస్సులో మనసులో రాసుకుని వచ్చాను. ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"ఖాలా, నీ కర్జ్ ఎప్పుడో అయిపోయింది. ఇవి నువ్వు ఎక్కువ కట్టిన పైసలు. గలతీ నాది" అన్నాను.

"నీదా? మెషిన్‌ది అన్నారే."

"మెషిన్ నేను చెప్పినట్టే చేసింది ఖాలా."

ఆమె కాసేపు ఆలోచించింది. "నా పేరులో ఏమన్నా తప్పుందా బేటా? అల్లుడు ఏందో పేరు పొడుగని చెప్తుండె."

"నీ పేరులో ఏ తప్పూ లేదు. నేను పెట్టిన గిన్నె చిన్నది."

"గిన్నె చూసుకోకుండా ఎవరన్నా పోస్తారా?" అంది. తిట్టినట్టు కాదు, వంటింట్లో కోడలికి చెప్పినట్టు. వంద నోటు తీసుకుని వేళ్లతో తడిమి చూసి, పాన్‌దాన్ మూత తీసి లోపల పెట్టుకుంది. వద్దంటుందేమో, నువ్వే ఉంచుకో బేటా అంటుందేమో అని నేను అనుకున్న మాట నిజం. ఆమె అట్లాంటిదేమీ అనలేదు. ఆమె మెహనత్ పైసలు, ఆమె తీసుకుంది.

చాయ్ తాగి లేవబోతుంటే ఆపింది. పాన్‌దాన్‌లోంచి పాత రసీదు ఒకటి తీసి, నంబర్ ఉన్నచోట వేలు పెట్టి అడిగింది. ఇన్నాళ్లూ దాన్ని తన ఖాతా నంబర్ అనుకుందంట. ఎప్పుడన్నా మున్షీ అడిగితే చెప్పాలని నోటికి నేర్చుకుని పెట్టుకుందంట, పాంచ్ సౌ ఇక్యాసీ అని.

"తో మేరా నంబర్ కిత్నా బేటా?"

"47 ఖాలా."

"సైతాలీస్" అని మెల్లగా ఒకసారి అనుకుంది. మనవరాలిని పిలిచి, పెన్సిల్ తెచ్చి రసీదు వెనక రాయమంది.